చెవి మిషన్‌కు ఊదు పొగ

మా మామ కృష్ణయ్య చెవి మిషన్ నీళ్లలో పడ్డప్పుడు ఇంట్లో నిజంగా బాధపడింది ఒక్క మా అత్త. మిగతా వాళ్లం బాధపడ్డట్టు మొహాలు పెట్టాం. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మాట నిజమే గానీ, అది ఏడుపు ఆపుకోవడానికి మాత్రం కాదు.

నన్ను పాపిష్టిదాన్ని అనుకునే ముందు, ఆ మిషన్ వచ్చాక మా బతుకు ఏమైందో కాస్త వినండి.

మామ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకు రివిట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. రిటైరై ఇంట్లో కూర్చున్నాకే ఆయన చెవులు పూర్తిగా పోయాయని మాకు తెలిసింది. దీపావళినాడు మంచం కింద పటాకులు పేల్చినా తల తిప్పలేదు. ఇక మాకు ఏడాదంతా పండగే అయింది. ఆయన ఎదురుగా కూర్చుని ఆయన గురించే చెప్పుకునేవాళ్లం. అన్నం వడ్డిస్తూ నేను తియ్యగా నవ్వి, “తిను మామా, మంచిగ తిను, రాత్రంతా గురకపెట్టి మమ్ముల జాగారం చేయించాలె గద” అంటే, ఆయన ఎంతో మురిసిపోయి తలూపి ఇంకో ముద్ద పెట్టించుకునేవాడు. తన గురకే కాదు, ఒంట్లోంచి వచ్చే ఇతర శబ్దాలు కూడా ఆయనకు వినబడేవి కావు. తనకు వినబడలేదు కాబట్టి లోకానికీ వినబడవని నమ్మి, వాకిట్లో ఎవరున్నా మొహమాటం లేకుండా కానిచ్చేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు మా ఆయన అంజన్న, తను పనిచేసే కంపెనీ డాక్టరు చేత రాయించి ఆ మిషన్ తెచ్చాడు. సబ్బుబిళ్లంత డబ్బా. దాన్ని చొక్కా జేబులో పెట్టుకోవాలి. డబ్బా ముందువైపు సన్నటి రంధ్రాలుంటాయి, మాటలు అందులోంచి లోపలికి పోయి, వైరు వెంబడి చెవికి ఎక్కుతాయి. పెట్టుకున్న మొదటి పొద్దునే మామ అలవాటు ప్రకారం ఒకటి వదిలి, ఉలిక్కిపడి, ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. పాపం, ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఆ తర్వాత మా నోళ్లకు తాళం పడింది. నాలుగు వాటాల ఇల్లది, ఉప్పుగూడ స్టేషన్‌కు దగ్గర. ఇంతకుముందు నాలుగు వాటాల ఆడవాళ్లమూ వాకిట్లో చేరి మామ మంచం పక్కనే సమస్త విషయాలూ మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఆయన జేబు కనబడితే చాలు, వాన గురించి మాట్లాడేవాళ్లం.

సంతోషించింది మా అత్త కాశమ్మ ఒక్కతే. ఆమె మంత్రసాని. మా బస్తీలో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. పెళ్లయిన నాటినుంచి మొగుణ్ణి రోజూ పొద్దున్నే తిట్టడం ఆమెకు మొహం కడుక్కోవడం లాంటిది. మామ చెవులు పోయాక ఆ తిట్లకు రుచి పోయింది. ఎంత తిట్టినా ఆయన నవ్వుతాడు, ఇక తిట్టేం లాభం? మిషన్ వచ్చాక ఆయన తిరిగి తిట్టడం మొదలుపెట్టాడు. అత్త మొహంలో మళ్లీ కళ వచ్చింది.

కానీ ఆమెకు కావలసింది ఆ తిట్లు కావు. ఒక ప్రశ్నకు జవాబు కావాలి.

మా ఆయనకు ఇంకా మీసాలు కూడా రాని రోజుల్లో, షాద్‌నగర్ దగ్గరి ఊళ్లో అత్త తల్లి చనిపోయింది. పొద్దున్నే మనిషి కబురు తెచ్చాడు. ఏడుపు తర్వాత వచ్చింది గానీ, ముందు అత్తకు కోపమే వచ్చిందట, మామ ఒక్కసారైనా తల్లిని చూసి రానియ్యలేదని. డ్యూటీకి పోతున్న మామ వెనక పరుగెత్తి, “మా అమ్మ సచ్చిపోయింది” అని అరిచినట్టే చెప్పింది. ఆయన టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, ఆమె మొహంలోకి చూసి, నవ్వి, తలూపి వెళ్లిపోయాడు. ఆ తల్లిని మట్టి చేసేటప్పుడూ రాలేదు. అత్త కొడుకును వెంటబెట్టుకుని ఒక్కతే పోయింది. నీ మొగుడేడి అని అన్నదమ్ములు అందరి ముందూ అడిగారు.

“రాకపోతే రాకపాయె, నౌకరి ఉన్నదనుకుంట,” అనేది నాతో. “నవ్విండే రాజమణీ. మా అమ్మ సచ్చిందంటే నవ్విండు.”

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆయన జవాబు చెప్పకుండా లేచి బయటికి పోయేవాడట. ఆపైన చెవులే పోయాయి. అన్నం తిను, నీళ్లు తాగు అని చేతులతో చెప్పొచ్చు. నా తల్లి చస్తే ఎందుకు నవ్వావని ఏ చేతులతో అడగాలి? అరిచి అడుగుదామంటే వీధి వీధంతా వింటుంది, ఆ మాట వీధికి తెలియడం ఆమెకు చావుతో సమానం. నేను ఎవరినైనా వేళాకోళం చేస్తాను గానీ, ఈ సంగతి దగ్గర నాకూ నోరు వచ్చేది కాదు.

ఆ ఆదివారం పొద్దున మామ హౌజు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. హౌజంటే వాకిలి మధ్యలో నాలుగు వాటాలకూ కలిపి కట్టిన సిమెంటు తొట్టి. నేను పక్కనే గిన్నెలు తోముతున్నాను. అత్త అటూ ఇటూ చూసి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“ఓ ముసలోడా, గిప్పుడు నీకు ఇనబడ్తది గద. చెప్పు. గా పొద్దు ఎందుకు నవ్వినవ్?”

మామ మొహం నేను చూశాను. రంగు దిగిపోయింది. హౌజులోకి వంగి చెంబు ముంచాడు. బుడుంగుమని చప్పుడైంది. చెవిలోంచి వైరు ఊడి, జేబులోంచి జారిన డబ్బా వెంట నీళ్లలోకి పోయింది. జారిందో, జారవిడిచాడో నాకైతే అనుమానమే. హౌజు అడుగుకు చూస్తూ ఆయన “అరెరే” అన్న తీరు నాటకంలో వేషం వేసినట్టుంది.

మా ఆయన చొక్కా విప్పి హౌజులో దిగి డబ్బా తీశాడు. దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల నీళ్లు గలగలలాడాయి. నోటితో ఊదాడు. నీళ్లు ఆయన కళ్లల్లోనే పడ్డాయి. ఎండలో పెడదామంటే ఆషాఢం, ఎండ జాడే లేదు.

ఎదురు వాటాలో జగన్నాథరావు గారు అరుగు మీదనుంచి ఇదంతా చూస్తున్నారు. గుంటూరు వైపు మనిషి, నయాపూల్ దగ్గర కోర్టులో గుమాస్తా. పోస్టులో రేడియో రిపేరు కోర్సు చేశానని, ఇంట్లో టంకం పెట్టే సామానంతా ఉందని చెప్పుకుంటారు.

“ముందు బ్యాటరీ సెల్లు తీసెయ్యండమ్మా,” అన్నారాయన. “ఇలా ఇవ్వండి, విప్పి చూస్తాను.”

“వద్దు సారూ,” అంది అత్త. “మా రేడియో నీ ఇంట్లకు వచ్చి ఏడాదాయె. ఇంక వాయిదాల మీదనే ఉన్నది.”

జగన్నాథరావు గారు కళ్లజోడు సర్దుకుని లోపలికి పోయారు. ఆయన చెప్పిన సెల్లు మాట కూడా ఆయనతోపాటే పోయింది. దాన్ని తీయాలని మాలో ఎవరికీ తట్టలేదు.

అత్త ఆ డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకుంది. నీళ్లలోంచి బయటపడ్డ దాన్ని ఏం చెయ్యాలో ఆమెకు ఒకరు నేర్పాలా? పుట్టిన ప్రతి బిడ్డకూ చేసిందే దీనికీ చేసింది. మెత్తటి పాత చీర ముక్కతో మూలమూలా తుడిచింది. తలకిందులు చేసి వీపు మీద మెల్లగా తట్టింది. కుంపట్లో నిప్పులు వేసి, నిప్పుల మీద ఊదు చల్లి, పైన వెదురు గంప బోర్లించి, గంప మీద గుడ్డ పరిచి డబ్బాను పడుకోబెట్టింది. బాలింతల ఇళ్లల్లో పసిపిల్లలకు వేసే పొగే అది. వేడి తగులుతుందా, ఎక్కువైందా అని మోచేత్తో గుడ్డ తాకి చూసుకునేది. పొగ చాలించాక బట్టలో చుట్టి బియ్యం డబ్బా పక్కన వెచ్చగా పెట్టేది. మూడో నాడు దానికి కాటుక చుక్క కూడా పెట్టింది.

“అత్తా, ఇగ పేరు పెట్టి తొట్లె వేస్తె అయిపాయె,” అన్నాను.

“నోర్ముయ్యి,” అంది. “ఊకూకె తాకకు, దిష్టి తగుల్తది.”

వీధిలో పోయేవాళ్లు ఆ ఊదు వాసన పట్టి, ఎవరికి కాన్పయిందమ్మా అని తొంగి చూసేవాళ్లు. మగబిడ్డా ఆడబిడ్డా అని ఒకావిడ నన్ను అడిగింది. చెవి మిషన్ అని చెప్తే నేను తాగి ఉన్నానేమోనని అనుమానంగా చూసి వెళ్లింది.

ఇంట్లో ఇంత పొగ పోతుంటే మామ మాత్రం మంచం మీద కాలు మీద కాలు వేసుకుని బీడీ కాలుస్తున్నాడు. అంత హాయిగా ఉన్న మనిషిని నేను ఉప్పుగూడలో చూడలేదు. నాలుగు వాటాల ఆడవాళ్లమూ మళ్లీ ఆయన మంచం చుట్టూ చేరాం. నేను ఆయన తిండి గురించి ఒకటి చెప్పాను, అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా మాతోపాటు నవ్వాడు.

పొగ వేయడం చాలనుకున్న రోజున అత్త కొత్త సెల్లు తెప్పించింది. పాతది ఉబ్బి, లోపలే అంటుకుపోయి ఉంది. మా ఆయన దాన్ని చెంచా కాడతో పొడిచి పొడిచి తీశాడు. కొత్తది వేసి, వైరు మామ చెవిలో పెట్టి, అందరం ఊపిరి బిగబట్టి చూశాం.

“ఇనబడ్తుందా?” అని అత్త అరిచింది.

మామ ఆమె మొహంలోకి చూసి, నవ్వి, తలూపాడు.

అత్త అక్కడే నిలబడిపోయింది. ఏ నవ్వునైతే ఇన్నేళ్లూ మరిచిపోలేకపోయిందో సరిగ్గా అదే నవ్వు. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. మా ఆయన వైరు లాగి తన చెవిలో పెట్టుకుని చూసి, “బుస్సుమనుడు తప్ప ఏం లేదే” అన్నాడు. అత్త ఆ మాట విన్నదో లేదో, డబ్బా తీసుకుని చరచరా వాకిలి దాటి జగన్నాథరావు గారి గుమ్మం ముందు నిలబడింది.

“సారూ, నేనన్న మాట మనసుల పెట్టుకోకు. దీన్ని బతికియ్యి.”

ఒకటి ఒప్పుకోవాలి, ఆయన పెద్దమనిషి తరహాగానే ప్రవర్తించారు. రేడియో ఊసెత్తలేదు. అరుగు మీద తెల్ల పంచె పరిచి, చిన్న స్క్రూలు ఒక్కొక్కటీ తీసి సాసరులో పెట్టారు. డబ్బా విప్పగానే గుప్పుమని ఊదు వాసన వచ్చింది. ఆయన మూడుసార్లు తుమ్మారు.

“మామ్మగారూ, నీళ్లు చేసిన పాపం సగమేనండీ. సెల్లు ఉన్నచోటంతా చిలుము పట్టింది, ఒక వైరు తెగింది. మిగతా సగం మీ సాంబ్రాణి. ఇదిగో చూడండి, రంధ్రాలన్నీ జిగురుతో పూడుకుపోయాయి.”

“పసిపోరగాండ్లకు గట్లనే వేస్తం గద సారూ. ఎవ్వలు పూడుకపోలే.”

“పిల్లలు తుమ్ముతారండీ. ఇది తుమ్మలేదు కదా?” అన్నారాయన. “స్పిరిటు కావాలి. ఇంత పొద్దుపోయాక ఏ దుకాణం తెరిచుంటుంది?”

అత్త వెళ్లి తన కాన్పుల పెట్టె తెచ్చి ఆయన ముందు తెరిచింది. మంత్రసానులకు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు సర్కారు ఇచ్చిన రేకు పెట్టె అది. అందులో స్పిరిటు సీసా, దూది, చిన్న పట్టకారు, అన్నీ ఉన్నాయి. జగన్నాథరావు గారి మొహం విచ్చుకుంది. చీపురుపుల్లకు దూది చుట్టి, స్పిరిటులో ముంచి రంధ్రాలు తుడవడం మొదలుపెట్టారు. దూది బెల్లం రంగుకు తిరిగేది. పారేసి ఇంకోటి చుట్టేవారు. సెల్లు ఆనేచోట చిలుమును అగ్గిపెట్టె గరుకు వైపు పెట్టి గీకితే, కింద ఇత్తడి మెరుస్తూ బయటపడింది.

తెగిన వైరు దగ్గర ఆయన ఆగిపోయారు. వెంట్రుకంత వైరు. టంకం ఆనించబోతే కొస పక్కకు జారిపోతోంది. అత్త పట్టకారు అందుకుని ఆ కొసను పట్టుకుంది. ఆమె చెయ్యి కదల్లేదు.

“ఇగ కాల్చు సారూ. ఆగమాగం చెయ్యకు. మెల్లగ… మెల్లగ… అంతే, అంతే. అయిపాయె.”

ఆ మాటలు ఆమె కాన్పుల దగ్గర అనేవే. జగన్నాథరావు గారు కూడా నొప్పులు పడుతున్న మనిషిలాగే చెమటలు కక్కుతూ, చెప్పినట్టు విన్నారు. టంకం చుక్క అంటుకుంది. ఆయన గోడకు ఆనుకుని మంచినీళ్లు అడిగారు.

డబ్బా బిగించి తన చెవిలో పెట్టుకుని చూసి, ఆయన పెదవి విరిచారు. “బతికిందండీ. కానీ మాట లాక్కునే ముక్క సగం దెబ్బతిన్నది. దూరంనుంచి మాట్లాడితే అందదు. నోరు డబ్బాకు ఆనించి మాట్లాడాలి.”

“డబ్బా ఆయన జేబుల ఉంటది గద?” అన్నాను.

“అవునమ్మా,” అని ఆయన ఎటో చూశారు. “జేబుకే ఆనించాలి.”

నేను కిసుక్కుమన్నాను. మా అత్తామామలు వీధిలో పక్కపక్కన నడవగా చూసినవాళ్లు లేరు. ఆయన ముందు పోతే ఆమె ఓ ఫర్లాంగు వెనక పోయేది, మధ్యలో బస్తీ అంతా పట్టేంత ఎడం ఉండేది.

అత్త డబ్బా తీసుకుని వస్తుంటే మామ చూశాడు. వెంటనే కడుపు పట్టుకుని, “కడుపుల గడబిడ అయితుంది” అంటూ చెంబు కోసం లేచాడు. అత్త ఆయన చొక్కా కాలరు పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. డబ్బా జేబులో దూర్చింది, వైరు చెవిలో పెట్టింది. నాలుగు వాటాల జనమూ అరుగుల మీదే ఉన్నారు. అయినా ఆమె ఎవరినీ చూడలేదు. వంగి, ఆయన గుండెల మీదికి మొహం దించి, జేబులోకి అడిగింది. ఏం అడిగిందో ఎవరికీ వినబడలేదు. జగన్నాథరావు గారు మర్యాదగా గోడవైపు తిరిగారు.

మామ ఒకసారి చెంబు వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. చెవిటివాళ్ల గొంతు పెద్దది కదా, ఆమె ప్రశ్న ఎవరికీ వినబడకపోయినా, ఆయన జవాబు వాకిలంతా విన్నది.

“గప్పటికే నాకు చెవులు సగం పైన పోయినయ్, కాశమ్మా. వర్క్‌షాపుల సమ్మెట్ల మోతకు ఎవ్వనికి మాట ఇనబడది, అందరం చేతులతోనే మాట్లాడుకుంటం. గందుకే ఎవ్వనికి తెల్వలే. డాక్టరుకు తెలిస్తె నౌకరి ఊడుతుండె. ఎవలేమన్న నవ్వి తల ఊపుతుంటి. నువ్వు రోజు పొద్దుగాల తిడుతుంటివి. గా పొద్దు గూడ గట్లనే తిడుతున్నవనుకున్న.”

అత్త తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

“మట్టి అయినంక, నా పక్కన సమ్మెట కొట్టే ఎల్లప్ప సైగ చేసి చెప్పిండు. నీకు చెప్దామనుకున్న. చెప్తె నువ్వు కోపంల పురుటిండ్లన్ని తిరిగి చెప్పుకుంటవు. నౌకరి పోతె పోరన్ని ఎట్ల సాదాలె? గట్ల దాసిన. అటెన్క చెప్పనీకె మొఖం చెల్లలే.” ఆయన హౌజు వైపు చూశాడు. “మొన్న జారలే. నేనే ఇడ్సిన.”

నేను వడ్డించేటప్పుడు ఆయన నవ్విన నవ్వులన్నీ నాకు వరసగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. చేతిలో గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

అత్త ముందు తిట్టింది. జేబులోకే తిట్టింది. తనకు చెప్పనందుకు, అన్నదమ్ముల ముందు ఒంటరిగా నిలబెట్టినందుకు, బంగారంలాంటి మిషన్‌ను నీళ్లపాలు చేసినందుకు, ఆయన వంశంలో ఎవరినీ వదల్లేదు. మామ ప్రతి తిట్టుకూ “అవ్” అన్నాడు. తిట్లు అయిపోయాయి. ఆమె లేస్తుందనుకున్నాను. లేవలేదు. మళ్లీ వంగింది, ఈసారి నుదురు ఆయన భుజానికి తగిలేంత దగ్గరగా. నేను మంచం పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

“మా అమ్మ సచ్చిపోయింది,” అంది.

మామ కండువా అంచు నోటికి పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. అత్త తల మీద చెయ్యి వేసి కొంతసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత కాళ్లు కిందికి దించి, మంచం కింద చెప్పుల కోసం పాదంతో వెతికాడు.

“నడు,” అన్నాడు. “పోదం.”

ఎక్కడికని అత్త అడగలేదు. కళ్లు తుడుచుకుని, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. ఈ వేళప్పుడు షాద్‌నగర్ బస్సు ఎక్కడుంటుందని మా ఆయన నోరు తెరవబోతే, నేను ఆయన చెయ్యి గట్టిగా గిచ్చి, మామ చెప్పులు తీసి ముందు పెట్టాను.